ఎగిరే ముందు ఎన్ని పనులో!

శంషాబాద్‌లో గాల్లోకి లేచిన మూడో నిమిషంలో విమానాన్ని కూల్చేశాను.

కంగారు పడకండి. కూలింది మా అక్కా వాళ్లింట్లోని కంప్యూటర్లో. ప్రయాణికులు లేరు, ప్రాణనష్టం లేదు. పక్కన కూర్చున్న మేనకోడలు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. "మొదటిసారే బోయింగ్ ఎక్కితే అంతే మామయ్యా" అంది. ఇంతకీ తనెక్కింది ఎయిర్‌బస్. అది ఆరో నిమిషంలో కూలింది. అదీ మా ఇద్దరికీ తేడా!

ఈ కాలమ్ కోసం ఇప్పటిదాకా ఈత నేర్చుకున్నాను. వీణ తీగలు తెంపాను. పూతరేకులు చుట్టబోయి చిల్లులు పెట్టాను. అవన్నీ సరదాకి. ఈసారి సంగతి వేరు.

"ఒరేయ్, ఆదివారం ఒకసారి రారా. దీంతో నువ్వే మాట్లాడాలి" అని అక్క ఫోన్ చేసింది. వెళ్తే విషయం తెలిసింది. ఇంటర్ రెండో ఏడు ఎంపీసీ చదువుతున్న మేనకోడలు ఇంజినీరింగ్ వద్దంటోంది. పైలట్ అవుతానంటోంది. శిక్షణకి అరకోటి దాకా అవుతుందని ఎవరో చెప్పారట. బావది చిన్న ఉద్యోగం. ఊళ్లో తాతలనాటి ఎకరంన్నర పొలం ఉంది.

"అదమ్మితేగానీ అయ్యే పని కాదు బావా. తీరా అమ్మేశాక, నాలుగు నెలలకే నావల్ల కాదందనుకో... అప్పుడేంటి?" అన్నాడు బావ. కోపంగా కాదు, భయంగా. "నేను కాదనడం లేదు. దీనికి ఇష్టమైంది విమానమా, పైలట్ డ్రెస్సా? అది ఎలా తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు తెలిసిన మనిషి మాత్రం మా కాలనీలోనే ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు నడిపి, కొత్త కుర్రాళ్లకి నేర్పి రిటైరైన పెద్దాయన. అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయన అంతా విని, "పొలం సంగతి తర్వాత. ముందు కంప్యూటర్లోనే మూడు నెలలు నేర్పిస్తాను. ఎగరడం కాదు... పద్ధతి. పద్ధతి నచ్చిందా, పైలట్ కావచ్చు. ఎగరడమే నచ్చిందా, ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ చాలు" అన్నారు.

అలా ప్రతి ఆదివారం క్లాసు మొదలైంది. నేనూ చేరాను. పొలం బాధ వాళ్లది, కాలమ్ బాధ నాది!

తాళంచెవి తిప్పొద్దు!

మొదటిరోజే మాస్టారు రెండు ఆంక్షలు పెట్టారు. ఒకటి, పెద్ద విమానాల జోలికి పోకూడదు. సెస్నా 172తోనే మొదలుపెట్టాలి. ఒకే ఇంజిన్, నాలుగు సీట్లు, ముందో పంఖా. 1955లో తొలిసారి ఎగిరిన ఈ బుల్లి విమానాలు ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే మోడల్ విమానమూ ఇన్ని తయారు కాలేదు. ఎన్నో దేశాల్లో పైలట్లు ఓనమాలు దిద్దుకునేది దీనిమీదే.

రెండోది ఇంకా కష్టం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కంట్రోల్, ఈ మీటలు కలిపి నొక్కితే ఇంజిన్ దానంతటదే స్టార్టవుతుంది. కావాలంటే విమానాన్ని నేరుగా రన్‌వే మీద, ఇంజిన్ ఆన్‌లో ఉంచి మరీ చేతికిస్తుంది. కొత్తవాళ్లందరూ మురిసిపోయేది అక్కడే. మాస్టారు ఆ రెండూ బంద్ చేశారు. "పార్కింగ్‌లో, అన్నీ ఆపేసి ఉన్న విమానం ఎక్కండి. అక్కణ్నుంచి మీరే కదిలించండి" అన్నారు.

కదిలిస్తే కదా! మాస్టారు రెండు పేజీల కాగితం చేతికిచ్చారు. పైన 'చెక్‌లిస్టు' అని ఉంది. సీటు బెల్టులు, బ్రేకులు, రేడియోల స్విచ్ ఆఫ్‌లో ఉందా? పెట్రోలు వాల్వు రెండు ట్యాంకుల నుంచీ వచ్చేలా 'బోత్' దగ్గర ఉందా? నల్లపిడి... అంటే థ్రాటిల్... పావు అంగుళం ముందుకి. గాలిలో పెట్రోలు పాలు ఎంతో నిర్ణయించే ఎర్రపిడిని పూర్తిగా వెనక్కి లాగాలి. మాస్టర్ స్విచ్ ఆన్. తర్వాత బయటికి చూసి పంఖా దగ్గర ఎవరూ లేరని నిర్ధారించుకోవాలి. అప్పుడు తాళంచెవి. ఇంజిన్ అందుకోగానే ఎర్రపిడిని నెమ్మదిగా ముందుకి నెట్టాలి. ముప్ఫై సెకన్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు పచ్చగీతలోకి రావాలి. రాలేదా... ఇంజిన్ కట్టెయ్యాలి.

మొదటి ఆదివారం గంటన్నర గడిచింది. విమానం అంగుళం కదల్లేదు. అక్క పకోడీలు తెచ్చిపెట్టి, "ఇంకా బయల్దేర్లేదా?" అని అడిగింది.

"కంప్యూటర్లో ఎందుకండీ ఇదంతా? పంఖా దగ్గర మనుషులుండరుగా?" అన్నాను మాస్టారితో.

"ఊరికెళ్లేటప్పుడు మీ అక్క ఏం చేస్తుంది? గ్యాస్ కట్టిందా, కుళాయి కట్టిందా, పెరటి తలుపు గడియ పెట్టిందా అని చూస్తుంది. పదిసార్లూ కట్టే ఉంటాయి. అయినా పదకొండోసారీ చూస్తుంది. ఎందుకు?" అన్నారాయన. నేను పకోడీ అందుకున్నాను. జవాబు లేనప్పుడు అదే మంచిది.

ఓ తాళం తీసిన ప్రాణాలు

అసలీ చెక్‌లిస్టు వెనక ఓ విషాదం ఉంది. 1935 అక్టోబర్ 30. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ నగరం దగ్గర రైట్ ఫీల్డ్. బోయింగ్ కంపెనీ సైన్యానికి అమ్మాలని తయారుచేసిన నాలుగింజిన్ల కొత్త బాంబర్, మోడల్ 299ని పరీక్షిస్తున్నారు. నడుపుతున్నది అనుభవజ్ఞుడైన ఆర్మీ పైలట్ మేజర్ ప్లోయర్ హిల్. విమానం లేచింది, నిట్టనిలువుగా ముక్కెత్తింది, కుప్పకూలింది. హిల్‌తో పాటు బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ కూడా ప్రాణాలు కోల్పోయాడు.

ఇంజిన్లలో లోపం లేదు. రెక్కల్లో లోపం లేదు. విమానం నేలమీద నిలబడి ఉన్నప్పుడు తోక భాగాలు గాలికి కొట్టుకోకుండా ఓ తాళం వేస్తారు. బయల్దేరేముందు అది తీయాలి. తీయలేదు. అంతే!

పైలట్‌కి పని తెలియక కాదు, గుర్తుపెట్టుకోవాల్సినవి మరీ ఎక్కువైపోయాయి. అందుకని మిగిలిన పైలట్లు కూర్చుని, ఏ దశలో ఏమేం చూడాలో కాగితం మీద రాసుకున్నారు. ఆ విమానమే తర్వాత బీ-17గా పేరు తెచ్చుకుంది. పన్నెండు వేలకు పైగా తయారయ్యాయి. ఇవాళ మనం ఎక్కే ప్రతి విమానం కాక్‌పిట్‌లోనూ ఆ కాగితం వారసులే ఉంటాయి.

ఈ కథ విన్నాక మేనకోడలు కంట్రోల్, ఈ మీటల మీద చిన్న కాగితం ముక్క అంటించేసింది.

మీటర్‌లో వెయ్యి... నేల మీదే పదిహేడు వందలు!

రెండో ఆదివారం విమానం కదిలింది. స్టీరింగ్ తిప్పినట్టు తిప్పితే మాత్రం కదలదు. నేలమీద విమానాన్ని తిప్పేది కాళ్లతో. మా దగ్గర పెడల్స్ లేవు కాబట్టి జాయ్‌స్టిక్ మెలితిప్పి సరిపెట్టుకున్నాం. నేను గడ్డిలోకి మూడుసార్లు వెళ్లాను. మేనకోడలు ఒక్కసారే.

రన్‌వే ఎక్కేముందు ఆగి ఇంకో పరీక్ష. ఇంజిన్‌ని 1,800 ఆర్‌పీఎమ్‌కి పెంచి మాగ్నెటోలు చూడాలి. ఈ ఇంజిన్లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాట్లు రెండుంటాయి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఒక్కోదాన్నీ విడిగా నడిపి చూసినప్పుడు ఆర్‌పీఎమ్ కాస్త పడాలి. మరీ 150 దాటి పడితే గ్యారేజీకి వెళ్లాలి, గాల్లోకి కాదు. అసలేమీ పడకపోయినా అనుమానించాల్సిందే!

తర్వాత పూర్తి థ్రాటిల్. పంఖా తిరిగే ధాటికి ముక్కు ఎడమకి లాగుతుంది, కుడికాలితో సరిచెయ్యాలి. 55 నాట్ల దగ్గర ముక్కు నెమ్మదిగా ఎత్తాలి. 74 నాట్లు పట్టుకుని పైకి పోవాలి. అక్కడే కొత్తవాళ్ల తిప్పలు మొదలు. వేగం తగ్గిందని ముక్కు దించితే మరీ పెరుగుతుంది, పెరిగిందని ఎత్తితే మరీ తగ్గుతుంది. నా విమానం ఉయ్యాలలూగింది. "చేతులతో యుద్ధం చెయ్యకు. ట్రిమ్ చక్రం తిప్పు" అన్నారు మాస్టారు. కావడిలో బరువు సర్దుకున్నట్టన్నమాట. సరిగ్గా సర్దితే భుజం మీద చెయ్యి తీసేసినా కావడి నిలుస్తుంది. విమానమూ అంతే.

సాధనకి మాస్టారు బేగంపేట ఎంచుకున్నారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. కంప్యూటర్లో మనల్ని ఆపేవాళ్లు లేరుగా! అక్కడి రన్‌వేకి ఒకవైపు 09, రెండోవైపు 27 అని రాసి ఉంటుంది. అదేదో వరస నంబరనుకునేవాణ్ని. కాదు. దిక్సూచిలో 90 డిగ్రీలు తూర్పు, 270 పడమర. చివరి సున్నా తీసేస్తే అదే రన్‌వే పేరు.

"వెయ్యి అడుగుల ఎత్తుకెళ్లి, రన్‌వే చుట్టూ తిరిగొచ్చి దిగండి" అన్నారు మాస్టారు. సరేనని ఎత్తు చూపించే మీటర్ వైపు చూశాను. విమానం నేలమీదే ఉంది. మీటర్ మాత్రం 1,740 చూపిస్తోంది! "మాస్టారూ, వెయ్యికి రావాలంటే భూమిలోకి దిగాలండీ" అన్నాను. ఆయన అంత పెద్దగా నవ్వడం అదే మొదటిసారి చూశాం. మీటర్ చూపించేది సముద్రమట్టం నుంచి ఎత్తు. బేగంపేట ఉన్నదే సుమారు 1,740 అడుగుల ఎత్తున. అంటే మేం 2,740కి చేరాలి.

ఇంకో మెలిక ఉంది. ఆ మీటర్ ఎత్తుని కొలిచేది గాలి పీడనంతో. పీడనం రోజురోజుకీ మారుతుంది. అందుకని ఆరోజు లెక్క అడిగి మీటర్‌లో పెట్టుకోవాలి. ఒక్క హెక్టోపాస్కల్ తప్పితే దాదాపు ముప్ఫై అడుగులు తేడా వస్తుంది. పది తప్పితే మూడొందల అడుగులు. చీకట్లో, మబ్బుల్లో అది కొండకీ మనకీ మధ్య దూరం కావచ్చు.

ఇక ఆ చుట్టు. గుళ్లో ప్రదక్షిణ చేస్తే దేవుడు కుడిచేతి వైపు ఉంటాడు. ఇక్కడ రన్‌వే ఎడమచేతి వైపు ఉంటుంది. పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటాడు కాబట్టి అలాగైతేనే బాగా కనిపిస్తుంది. పడమరకి లేచి, ఎడమకి తిరిగి, మళ్లీ ఎడమకి తిరిగితే... ఎడమ కిటికీలో రన్‌వే, కుడి కిటికీలో హుస్సేన్ సాగర్! అది చూస్తూ మైమరిచిపోతే వేగం పోతుంది. అక్కణ్నుంచి శక్తి తగ్గించి, రెక్కల వెనక ఫ్లాప్స్ కొద్దికొద్దిగా దించుతూ, ఇంకో రెండు మలుపులు తిరిగి, చివరికి 65 నాట్లతో రన్‌వే ముందుకి రావాలి. 

రావడం కుదరకపోతే? వంకరగానో, వేగంగానో వస్తుంటే? ఏదోలా దింపేద్దామని చూడకూడదు. థ్రాటిల్ పూర్తిగా తోసి పైకి లేచి, మళ్లీ చుట్టు తిరిగి రావాలి. దీన్ని 'గో అరౌండ్' అంటారు. నేను పంతం పట్టి దింపి రెండుసార్లు చక్రాలు విరగ్గొట్టాను. మేనకోడలు మూడుసార్లు చుట్టు తిరిగి, నాలుగోసారి దిగింది. మాస్టారు తన పేరు పక్కనే నక్షత్రం గీశారు. "మళ్లీ వస్తానని ఒప్పుకోవడం ఓడిపోవడం కాదు. సిగ్గుపడి దిగేవాడే ప్రమాదం" అన్నారు.

టిక్కు పెట్టింది కాగితానికి...

ఇదంతా చదివి మా అమ్మాయి బంగారం అనుకునేరు. ఐదో వారం అసలు గొడవ జరిగింది.

ఆరోజు తన స్నేహితురాళ్లు ఇద్దరొచ్చారు. వాళ్ల ముందు ఎగిరి చూపించాలని ఆత్రం. చెక్‌లిస్టు మీద గబగబా టిక్కులు పెట్టేసి లేచిపోయింది. అందంగా తిరిగి, అందంగా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టలేదు.

"పెట్రోలు ఎంతుంది?" అని అడిగారు.

తను మీటర్ చూసింది. రెండు ముళ్లూ దాదాపు సున్నా దగ్గరున్నాయి. క్లాసుకి ముందు ఆయనే ట్యాంకులు ఖాళీ చేసి ఉంచారు. కాగితం మీద 'పెట్రోలు' పక్కన మాత్రం ముచ్చటైన టిక్కు ఉంది.

"టిక్కు పెట్టింది కాగితానికి. చూడాల్సింది మీటర్‌ని" అన్నారాయన. గొంతు పెంచలేదు. "చూడకపోవడం మరుపు. చూడకుండా టిక్కు పెట్టడం అబద్ధం. మరుపుకి మందుంది." లేచి వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం క్లాసు లేదని కబురొచ్చింది.

ఆ రాత్రి తను అన్నం తినలేదు. "చూశావా బావా, నేను చెప్పలేదూ?" అన్నాడు బావ ఫోన్లో. గొంతులో కాస్త ఊరట కూడా వినిపించింది. పొలం నిలిచిందన్న ఊరట. తప్పుపట్టలేను. ఆ స్థానంలో నేనున్నా అంతే.

ఆ వారం తను కంప్యూటర్ ముట్టలేదనుకున్నాం. అక్క తర్వాత చెప్పింది... రోజూ తెల్లవారుజామున లేచి, చప్పుడు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడం, ఆపడం మాత్రమే చేసిందట. ఎగరలేదట. ఒక్కో మీటర్‌నీ వేలితో తాకి, పైకి చదివి, అప్పుడు టిక్కు పెట్టిందట.

వంటింట్లో కంట్రోల్ టవర్

తనకి ఇంకో భయం ఉంది. ఇంగ్లిష్. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. రేడియోలో టవర్‌తో మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు. "రేడియోలో ఇంగ్లిష్ మాట్లాడరమ్మా. కొన్ని మాటలే, ఒకే వరసలో చెబుతారు. నువ్వెవరు, ఎక్కడున్నావు, ఏం కావాలి. కూరగాయల బండివాడికి చెప్పినట్టే" అన్నారు మాస్టారు. అక్షరాలకి ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే మాటలు. అంకెల్లోనూ తొమ్మిదిని 'నైనర్' అనీ, మూడుని 'ట్రీ' అనీ పలకాలి. గరగరలాడే రేడియోలో ఒకటి ఇంకోటిగా వినిపించకూడదని.

అన్నిటికన్నా ముఖ్యం, టవర్ చెప్పింది తిరిగి చెప్పడం. అది చాదస్తమనిపిస్తే 1977 మార్చి 27 గుర్తుచేసుకోవాలి. స్పెయిన్ ఏలుబడిలోని టెనెరిఫె దీవిలో, పొగమంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానం కెప్టెన్ అనుమతి వచ్చేసిందనుకుని బయల్దేరాడు. రాలేదు. ఆ తర్వాతే 'టేకాఫ్' అన్న మాటని అసలు అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప వాడకూడదని నియమం వచ్చింది. 'ఓకే' అంటే సరిపోదు. విన్నది విన్నట్టు అప్పజెప్పాలి.

మరి టవర్‌గా ఎవరుండాలి? మాస్టారు ఓ కాగితం మీద తెలుగు లిపిలో రాసి అక్కకిచ్చారు. పదో తరగతితో చదువాపేసిన మా అక్క, వంటింట్లో పోపు వేస్తూ, "విక్టర్ టాంగో... రన్‌వే టూ సెవెన్... క్లియర్డ్ ఫర్ టేకాఫ్!" అని కేకేసేది. హాల్లోంచి కూతురు తిరిగి అప్పజెప్పేది. పోపు చిటపటలే రేడియో గరగర! ఒకరోజు అక్క "రన్‌వే జీరో నైనర్, క్లియర్డ్ టు ల్యాండ్" అంది. విమానం వస్తున్నది 27 వైపు నుంచి. తను సరే అనలేదు. "సే అగైన్" అంది. అక్క కాగితం చూసుకుని నవ్వింది. మాస్టారు కావాలనే తప్పు రాసిచ్చారట.

ఇప్పుడు తను 2001లో మొదలైన వ్యాట్‌సిమ్ అనే ఉచిత నెట్‌వర్క్‌లో ఎగురుతోంది. అందులో టవర్లలో ఉండేవాళ్లు కూడా మనుషులే. జీతం లేకుండా, నియమాలు నేర్చుకుని కూర్చునే ఔత్సాహికులు. మొదటిరోజు గొంతు వణికింది. అవతలివ్యక్తి ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. అంతే. ఇంట్లో మాట్లాడినట్టే అయిపోయింది.

ఆఖరి ఆదివారం

మూడు నెలలు పూర్తయ్యాయి. బావ కూడా వచ్చి కూర్చున్నాడు. ముందు నా వంతు. లేచాను, తిరిగాను, ఎడమ కిటికీలో రన్‌వే కనిపిస్తోంది. హఠాత్తుగా ఇంజిన్ ఆగిపోయింది. మాస్టారి పనే! నేను తాళంచెవి తిప్పాను. మళ్లీ తిప్పాను. విమానం దిగిపోతోందని ముక్కు పైకి లాగాను. అది ఘోరమైన తప్పు. ముక్కెత్తితే వేగం పోతుంది. వేగం పోతే రెక్కకి బలం పోతుంది. రెండో మలుపు తిరగాల్సింది పోయి కుడికి ఒరిగి, హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడికి కాస్త దూరంలో మునిగాను.

తన వంతు వచ్చింది. బావ కుర్చీ అంచుకి జరిగాడు. అదేచోట ఇంజిన్ ఆగింది. తను ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ముక్కు దించింది. అవును, దించింది! 68 నాట్లు. ఆ వేగంతో సెస్నా ఇంజిన్ లేకపోయినా గాల్లో జారుతూ వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఒకటిన్నర నాటికల్ మైళ్ల దాకా పోగలదు. చేతిలో ఉన్నది నిమిషం పైచిలుకు. ముందు రన్‌వే వైపు తిప్పింది. అప్పుడు మాత్రమే వేలు మీటల మీదకి వెళ్లింది. పైకి చదువుతోంది. "పెట్రోలు షటాఫ్... ఆన్. వాల్వు..." ఆగింది. "వాల్వు బోత్‌లో లేదు." మాస్టారు ఎప్పుడో దాన్ని తిప్పేశారు. తను తిప్పింది. పంపు ఆన్, ఎర్రపిడి ముందుకి... ఇంజిన్ దగ్గి, అందుకుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తను అందంగా కూడా దిగలేదు, రెండుసార్లు ఎగిరెగిరి దిగింది. "భయమేసిందా?" అనడిగాడు బావ. "చాలా. అందుకే చదివాను నాన్నా" అంది.

మరి పొలం?

మాస్టారు లెక్క స్పష్టంగా చెప్పారు. ఇంట్లో కంప్యూటర్ మీద ఎగిరిన గంటల్లో ఒక్కటి కూడా లైసెన్సుకి పనికిరాదు. కమర్షియల్ పైలట్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు నిజం విమానంలో ఎగరాలి. సిమ్యులేటర్ నేర్పలేనివి చాలా ఉన్నాయి. గాలి కుదుపుకి కడుపులో తిప్పడం, సీటు కింద విమానం జారుతున్నట్టు ఒంటికి తెలియడం, పాజ్ మీట లేకపోవడం. పైగా ఇది కొన్ని చెడ్డ అలవాట్లూ నేర్పుతుంది. కిటికీలోంచి చూడాల్సినప్పుడు కూడా మీటర్లనే చూస్తూ కూర్చోవడం అందులో ఒకటి.

అలాగని తీసిపారేసేది కూడా కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు వాళ్ల నాన్న ఆర్గాన్ వాద్యాల ఫ్యాక్టరీలోని గాలితిత్తులతో 1929లో ఓ నమూనా కాక్‌పిట్ తయారుచేశాడు. చాలాకాలం సంతల్లో ఆటవస్తువుగానే ఉంది. 1934లో సైన్యం పైలట్లు తపాలా సంచులు మోస్తూ, మంచులో, మబ్బుల్లో దారి కనిపించక ప్రాణాలు పోగొట్టుకున్నాక ఆర్మీ వాటిని కొంది. ఇవాళ ఎయిర్‌లైన్ పైలట్లు క్రమం తప్పకుండా సిమ్యులేటర్‌లో పరీక్షకి కూర్చోవాల్సిందే. ఎందుకంటే కొన్ని తప్పులు నేలమీదే చెయ్యాలి.

"మీ అమ్మాయి పైలట్ అవుతుందో లేదో నేను చెప్పలేను" అన్నారు మాస్టారు బావతో. "కానీ ఎవరూ చూడనప్పుడు కూడా మీటర్ చూస్తుంది. అది మాత్రం చెప్పగలను."

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే పొలం బేరం పెట్టనా?" అన్నాడు.

"వద్దు" అంది మేనకోడలే. అందరం తనవైపు చూశాం. "ముందు మెడికల్ టెస్టు చేయించుకుంటా. అందులో పోతే పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. తర్వాత ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ అకాడమీ ప్రవేశ పరీక్ష రాస్తా. ఈఏపీసెట్ కూడా రాస్తా. అప్పుడు చూద్దాం నాన్నా. గో అరౌండ్ చెయ్యాలంటే ట్యాంకులో పెట్రోలు మిగలాలిగా!"

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. మాస్టారు తన చెక్‌లిస్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నా సంగతంటారా? నిన్న ఆఫీసుకి బయల్దేరుతూ బండి స్టాండు తీశానా, పెట్రోలుందా, హెల్మెట్ పెట్టుకున్నానా అని ఒక్కొక్కటీ వేలితో తాకి చూసుకున్నాను. తీరా వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది... లంచ్ బాక్సు ఇంట్లోనే ఉంది. లిస్టులో రాయలేదు. గో అరౌండ్!

మీరూ మొదలుపెడతారా?

• డబ్బు ఖర్చు లేకుండా చూడాలనుకుంటే ఫ్లైట్‌గేర్ ఉచితం. ఎక్స్‌ప్లేన్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (కొత్తది 2024 నవంబర్‌లో వచ్చింది) కొనుక్కోవాలి. వీటికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కావాలి. పాతదైతే ముందు ఫ్లైట్‌గేర్‌తో సరిపెట్టుకోండి.

• కీబోర్డుతో నేర్చుకోవడం కష్టం. మెలితిప్పే వీలున్న మామూలు జాయ్‌స్టిక్ ఒకటి చాలు. పెడల్స్ తర్వాత చూసుకోవచ్చు.

• ఒకే విమానం, ఒకే ఊరు. చిన్న విమానంతో ఒకే రన్‌వే చుట్టూ కనీసం యాభైసార్లు తిరిగి దిగాకే వేరేచోటికి వెళ్లండి.

• చెక్‌లిస్టుని తెరమీద కాకుండా కాగితం మీద ప్రింటు తీసుకోండి. పైకి చదవండి, వేలితో తాకండి, అప్పుడే టిక్కు పెట్టండి.

• గందరగోళం వచ్చినప్పుడు వరస గుర్తుంచుకోండి. ముందు విమానాన్ని నిలబెట్టడం, తర్వాత ఎటు వెళ్లాలో చూడటం, ఆఖర్న రేడియోలో మాట్లాడటం.

• వ్యాట్‌సిమ్‌లో చేరాలంటే 13 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్నపిల్లలుంటే... వంటింటి టవర్ ఎప్పుడూ సిద్ధమే!